అప్‌డేట్: అమెరికా జీడీపీ తగ్గింది, మాంద్యం వచ్చినట్టేనా?

2025 జనవరి–మార్చిలో అమెరికా జీడీపీ తగ్గిందన్న వార్త చూసి, మాంద్యం మొదలైనట్టేనా అని అడిగాను కదా, మా తమ్ముడు అక్కడ ఎంఎస్ చేస్తున్నాడు కాబట్టి టెన్షన్. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్. తర్వాతి లెక్కలు కూడా చూశాను.

మొదటి అంచనా మైనస్ 0.3 శాతం, సవరణల తర్వాత మైనస్ 0.6. దానికి ముఖ్య కారణం దిగుమతులు. సుంకాలు పడకముందే కంపెనీలు సరుకు తెప్పించి గోడౌన్లు నింపుకున్నాయి. జీడీపీ అంటే దేశంలో తయారైనదే కాబట్టి, కొన్నవీ నిల్వ పెట్టినవీ అన్నీ కూడి అందులోంచి దిగుమతులను తీసేస్తారు, ఆ సరుకు నిల్వల లెక్కలో పూర్తిగా కనబడకపోతే అంకె కిందికి పోతుంది. ఏప్రిల్–జూన్‌లో దిగుమతులు పడిపోయేసరికి అదే అంకె 3.8కి ఎగిరింది! రెండూ కలిపి సగటు తీస్తే 1.6, నా దృష్టిలో అదే నిజానికి దగ్గర.

ఇంకోటి, అదే జనవరి–మార్చికి మన దేశ జీడీపీ వృద్ధి అని అప్పట్లో ప్రకటించిన 7.4 శాతాన్ని అమెరికా అంకె పక్కన పెట్టకూడదు. మనది ఏడాది క్రితంతో పోలిక, వాళ్లది ముందటి త్రైమాసికంతో పోల్చి, అదే వేగం ఏడాదంతా సాగితే ఎంతవుతుందో ఆ రేటుగా మార్చినది.

తమ్ముడికైతే జీడీపీ వదిలేసి నెలనెలా వచ్చే ఉద్యోగాల లెక్క చూడమన్నాను.