ఆంకీ కార్డుకు జవాబు వస్తోంది, కేసులో మాత్రం తట్టడం లేదు. ఏం చేయాలి?

నేను మెడిసిన్ రెండో సంవత్సరం. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో (ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు; మరిచిపోయేలోపు మళ్ళీ అడుగుతుంది) కార్డులు రాసుకుని చదువుతున్నాను. అనాటమీకి ఇది చాలా బాగా పనికొచ్చింది. బొమ్మలో పేర్లు మూసేసి ఒక్కొక్కటీ అడిగే ఇమేజ్ అక్లూజన్ కార్డులు లేకపోతే బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్ళే నరాల అల్లిక) నాకు ఒంటబట్టేది కాదు.

చిక్కల్లా ఫార్మకాలజీతోనే. ఏసీఈ ఇన్‌హిబిటర్లనే బీపీ మందులతో పొడి దగ్గు ఎందుకు వస్తుందని కార్డు అడిగితే, బ్రాడీకైనిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకోవడం వల్ల అని టక్కున చెప్పేస్తాను. అదే, బీపీ మందు వాడుతున్న రోగికి దగ్గు తగ్గడం లేదని కేసు ఇస్తే ఆ సంగతే తట్టదు. కార్డులోని వాక్యాన్ని గుర్తుపడుతున్నానే తప్ప విషయం లోపలికి దిగడం లేదనిపిస్తోంది.

సీనియర్లు, డాక్టర్లు దయచేసి చెప్పండి. ఒకే విషయానికి కారణం, లక్షణం, చిన్న కేసు అంటూ వేర్వేరు కార్డులు రాస్తారా? లేక కార్డులు తగ్గించి ప్రశ్నల సాధనకే ఎక్కువ సమయం ఇస్తారా?

ఇంకొకటి. కొత్త కార్డులు రోజుకు 20 దగ్గరే ఉంచినా రివ్యూలు పెరిగిపోతున్నాయి. ఏ కార్డు ఎప్పుడు మళ్ళీ అడగాలో ఆంకీలో లెక్కగట్టే ఎఫ్ఎస్ఆర్ఎస్‌లో రిటెన్షన్ (రివ్యూలో ఎంత శాతం గుర్తుండాలన్న లక్ష్యం) 90 శాతం నుంచి 85కి దించితే భారం తగ్గుతుంది. కానీ విరుగుడు మందులు, ప్రాణం మీదికి తెచ్చే దుష్ప్రభావాలు మరిచిపోతానేమోనని టెన్షన్. వాటిని విడిగా ఒక డెక్‌లో (కార్డుల కట్టలో) పెట్టి 90 మీదే ఉంచిన వాళ్ళెవరైనా ఉన్నారా? ఎలా నడుస్తోంది?