అప్‌డేట్: ఇంగ్లండ్‌లోని ట్రెంట్ నదిపై చలికాలపు గాలం పోటీ

ఈదురుగాలికి 13 మీటర్ల పోల్ (చక్రం లేని పొడవాటి గాలపు కర్ర) చేతిలో నిలవడం లేదు, ఏం చేయాలని గత నెలలో అడిగినప్పుడు సలహా ఇచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. నిన్నటి పోటీలో పోల్‌ను పక్కన పెట్టి, ఒడ్డుకు దగ్గరగా ప్రవాహం నెమ్మదించిన చోట ఫీడర్ (మేత నింపి నీటి అడుగుకు దించే చిన్న బుట్ట) కట్టిన గాలం వేసి, గాలి తగలకుండా కర్ర కొసను నీటికి ఆనించినంత కిందికి దించాను. అన్నిటికన్నా ఆ ఒక్క సలహాయే నన్ను నిలబెట్టింది. చన్నీటిలో చేపకు ఆకలి మందగిస్తుంది కనుక మేత బాగా తగ్గించి, కొక్కేనికి ఒకే మాగట్ పురుగును గుచ్చాను. రెండు గంటలు ఏమీ పడలేదు. వేళ్లు కొంకర్లు పోతుండగా కర్ర కొస సన్నగా రెండుసార్లు అదిరింది, తొలి రోచ్ చేప పడింది. చివరికి పదకొండు చేపలను తూకం వేయించి, అన్నిటినీ తిరిగి నదిలో వదిలాను. మార్చి 15న నదుల్లో వేట విరామం మొదలయ్యేలోపు మరో పోటీ ఉంది. దానికీ ఇదే పద్ధతి పాటిస్తాను.