జైలింగర్ ప్రయోగంలో నిజంగా ప్రయాణించినది ఏది?

ప్రశ్న:
2022లో ఆలెన్ ఆస్పెక్ట్, జాన్ క్లౌజర్‌లతో కలిసి నోబెల్ అందుకున్న ఆంటన్ జైలింగర్ బృందం, 1997లో ఇన్స్‌బ్రుక్‌లో ఫోటాన్‌ను (కాంతి కణాన్ని) టెలిపోర్ట్ చేసిందని చదివాను. అలాగైతే సమాచారం కాంతిని మించిన వేగంతో వెళ్లినట్టే కదా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
వెళ్లలేదండీ. అవతలికి చేరినది ఫోటాన్ కాదు, దాని ధ్రువణ స్థితి, అంటే కాంతి ఏ దిశలో కంపిస్తుందో తెలిపే లక్షణం. చార్లెస్ బెన్నెట్, మరో అయిదుగురు 1993లో ప్రతిపాదించిన పద్ధతిలో, పంపవలసిన ఫోటాన్‌ను ఎంటాంగిల్డ్ జంటలోని (దూరంగా ఉన్నా స్థితులు ముడిపడి ఉండే రెండు ఫోటాన్లలోని) ఒకదానితో కలిపి కొలుస్తారు. ఆ ఫలితం రెండు బిట్లుగా, కాంతి వేగాన్ని మించని మామూలు మార్గంలో అందేవరకు, జంటలోని రెండో ఫోటాన్‌ను ఎంత పరీక్షించినా అవతలివారికి ఏమీ తెలియదు. మూలస్థితి చెరిగిపోతుంది కనుక నకలు తీసినట్టూ కాదు.

సమాధానం 2:
పై వివరణ సరైనదే. అయితే 1997 ప్రయోగం నాలుగు బెల్ స్థితులలో (అలా కలిపి కొలిచినప్పుడు రాగల నాలుగు ఫలితాలలో) ఒక్కదానినే గుర్తించగలిగిందని కూడా చెప్పాలి. మీ సందేహానికి నా దృష్టిలో అసలైన జవాబు 2004 నాటి వియన్నా ప్రయోగం: జంటలోని రెండో ఫోటాన్‌ను డాన్యూబ్ నది అడుగున 800 మీటర్ల గాజు ఫైబర్‌లో పంపి, కొలత ఫలితాన్ని నది మీదుగా మైక్రోవేవ్ సంకేతంగా పంపారు. గాజులో కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి సంకేతమే ముందు చేరి, ఫోటాన్ వచ్చేలోగా, ఆ ఫలితానికి తగినట్టు దాని స్థితిని సరిదిద్దే పరికరం సిద్ధమయ్యేది.