బెరడు మీది మాత్: ఫొటో చూసి జాతి పేరు చెప్పేయవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ కేబీఆర్ పార్కులో వేప బెరడు మీద బూడిద రంగు మాత్ (సీతాకోకచిలుకను పోలిన రెక్కల పురుగు) ఒకటి నాలుగు రెక్కలూ పరుచుకుని బెరడుకు అతుక్కుని ఉంది. ఫొటో చూసి ఒకరు ‘అస్కోటిస్ సెలెనేరియా’ అనే జాతి అన్నారు, ఇంకొకరు ఆముదం ఆకు తినే దాసరి పురుగు తాలూకు తల్లి పురుగు (రెక్కలొచ్చిన దశ) అన్నారు. ఏది నమ్మాలి?

మొక్కలమేడ: ఫొటో చూసి పేరు చెప్పే యాప్ కూడా అస్కోటిస్ అనే చూపిస్తోంది. పేరే పెట్టకపోతే ఆ రికార్డు ఎవరికి పనికొస్తుంది?

బెరడుచూపు: పనికొస్తుంది అన్నా, తప్పు పేరు పెట్టనంత వరకు. ముందు దాసరి పురుగు సంగతి తేల్చేద్దాం. దాని తల్లి పురుగు వాలినప్పుడు ముందు రెక్కలు వెనుక రెక్కలను కప్పేస్తాయి. విప్పితే వెనుక రెక్క నల్లగా, తెల్ల పట్టీతో ఉంటుంది. ఈ ఫొటోలో వెనుక రెక్కలు బయటికే ఉన్నాయి, ముందు రెక్కల వంకర గీతలు వాటి మీదికీ సాగాయి. కాబట్టి అస్కోటిస్ లాంటి మాత్‌లుండే జియోమెట్రిడే కుటుంబం అనడానికి నాకు అభ్యంతరం లేదు.

జాతి దగ్గర మాత్రం ఆగుదాం. ఈ కుటుంబంలోని అస్కోటిస్, క్లియోరా, హైపోమెసిస్ మాత్‌లు చాలావరకు ఇలాంటి బూడిద గీతలతోనే ఉంటాయి. ఒకే జాతిలోనూ రంగు మారుతుంది. చాలాసార్లు జననాంగాలను మైక్రోస్కోప్‌లో చూస్తే తప్ప తేలదు. పైగా ఇలాంటి కొన్ని మాత్‌లు వాలాక ఒళ్లు తిప్పుకుని బెరడు గీతలకు సరిపోయేలా సర్దుకుంటాయని 2012లో కొరియా పరిశోధకులు చూపించారు. అంత బాగా కలిసిపోయిన పురుగు అంచులు ఫోన్ ఫొటోలో ఎంత తెలుస్తాయి?

మొక్కలమేడ: మరి జాతి ఎప్పటికీ తెలియదా?

బెరడుచూపు: గొంగళి దశ నుంచి పెంచితే చాలా తెలుస్తుంది. సాధారణ గొంగళికి పొట్ట కింద 5 జతల మెత్తటి కాళ్లుంటాయి, ఈ కుటుంబంలో ఎక్కువ వాటికి చివర 2 జతలే. అందుకే నడుము పైకి వంచి, జానలు కొలిచినట్టు నడుస్తుంది. దాసరి పురుగుకు ఆ కాళ్లు అంతకంటే ఎక్కువ. ఈ కుటుంబపు గొంగళి చాలావరకు భయం వేస్తే వెనుక కాళ్లతో కొమ్మను పట్టుకుని ఎండుపుల్లలా బిగుసుకుంటుంది.

పార్కులోంచి మాత్రం ఏదీ తేవద్దు, అది నేషనల్ పార్కు. మీ పెరట్లో దొరికితే ఏ ఆకు తింటోందో రాసుకుని, అదే ఆకు వేయండి. డబ్బా అడుగున కాస్త తడి మట్టి పోయండి. చాలా జాతులు మట్టిలోకో రాలిన ఆకుల్లోకో దిగి ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) అవుతాయి, మట్టి లేకపోతే అవస్థ పడతాయి. మాత్ బయటికొచ్చాక రెక్కల పైవైపు, అడుగువైపు రెండూ ఫొటో తీయండి. తిన్న ఆకు పేరుతో ఆ ఫొటోలు పెడితే జాతి మీద వాదించడానికి నేను సిద్ధం. ఇప్పటికి మీ రికార్డులో ‘జియోమెట్రిడే, వేప బెరడు, కేబీఆర్’ అని తేదీ వేయండి చాలు.