పెనాంగ్ జార్జ్‌టౌన్‌లో మూడు రోజులు: తప్పక తినవలసినవి ఏమిటి?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అమ్మగారు, నా భార్య, నేను మలేషియాలోని పెనాంగ్ వెళ్తున్నాం. జార్జ్‌టౌన్ పాతపట్టణంలోనే మూడు రాత్రులు ఉంటాం. చూడవలసిన ప్రదేశాల గురించి అడగడం లేదు. చైనా, మలయా, తమిళ వంటలు కలిసి కొత్త రుచులు పుట్టిన ఊరని విన్నాను కాబట్టి, అక్కడికి వెళ్లినవాళ్లు తినకుండా రాకూడనివి ఏమిటో, వాటిలో అంత విశేషం ఏముందో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. మూడు రోజులంటే మహా అయితే తొమ్మిది పూటలు, వాటిలో ఒక్కటి కూడా వృథా చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

మా తిండి సంగతి కూడా చెప్పాలి. నేను, నా భార్య చేపలు, రొయ్యలు, కోడి తింటాం కానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినం. అమ్మ పూర్తి శాకాహారి. గుడ్డు ముట్టరు, శనివారాలు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. కిందటిసారి విదేశానికి తీసుకువెళ్లినప్పుడు ఆవిడ నాలుగు రోజులూ రొట్టె, అరటిపండ్లతోనే గడిపారు. ఈసారి మేం తింటూ ఉంటే ఆవిడ చూస్తూ కూర్చోవలసిన పరిస్థితి రాకూడదు.

బయాన్ లెపాస్ నివాసి

నేను పెనాంగ్‌లోనే కంప్యూటర్ చిప్‌ల కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లుగా ఉంటున్నాను, కాబట్టి కొంత అధికారంతోనే చెబుతాను. ఈ ఊరి వంటలు ఏ పెద్ద హోటలు వంటవాడో కూర్చుని ఆలోచించి కలిపినవి కావు. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ దీవిలో దిగి, దీన్ని సుంకం లేని రేవుగా నడపడం మొదలుపెట్టాక చైనా నుంచి హొక్కియెన్, తియోచ్యూ జనం, కోరమాండల్ తీరం నుంచి చులియా ముస్లిం వర్తకులు, ఉత్తరాన ఉన్న సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి మరికొందరు వచ్చి మలయా వాళ్ల పక్కనే ఇళ్లు కట్టుకున్నారు. పక్కింటి పోపు వాసన రోజూ ముక్కుకు తగులుతూ ఉంటే మన పొయ్యి మీది కూర ఎంతకాలం పాతపద్ధతిలోనే ఉంటుంది?

తెలుగువాడు ఇక్కడ మొదట తినవలసినది ఆసం లక్సా అని నా గట్టి అభిప్రాయం. మలయా భాషలో ఆసం అంటే పులుపు. మన తీరంలో కానాగంతలంటామే, ఆ చేపలనే ఉడికించి, ముళ్లు తీసి, మాంసాన్ని మెత్తగా చిదిపి, చింతపండు పులుసులోనూ కోకమ్ జాతికి చెందిన ఎండు పుల్లకాయ ముక్కలతోనూ మరిగిస్తారు. ఆ పులుసును లావుపాటి బియ్యపు సేమ్యా మీద పోసి, పైన సన్నగా తరిగిన కీరదోస, అనాసపండు, ఉల్లిపాయ, పుదీనా, అల్లం జాతి మొక్క మొగ్గ ఒకటి తరిగి వేస్తారు. ఆ మొగ్గను బుంగా కంతాన్ అంటారు. దాని వాసనే లక్సాకు ప్రాణం. మొదటి చెంచాకు ఇది చేపల పులుసే కదా అనిపిస్తుంది, రెండో చెంచాకు కాదని తెలుస్తుంది. గిన్నెతో పాటు ఒక చెంచాలో తారులా నల్లగా, చిక్కగా ఒక ముద్ద ఇస్తారు. అది హే కో అనే తియ్యటి రొయ్యల ముద్ద. దాన్ని చూసి భయపడి పక్కన పెట్టకండి, సగం కలిపి రుచి చూసి మిగతా సగం సంగతి అప్పుడు నిర్ణయించుకోండి. పెనాంగ్ కొండ రైలు ఎక్కే చోటు ఆయిర్ ఇతామ్‌లోనే ఉంది, కెక్ లోక్ సీ ఆలయం ఉన్నదీ అక్కడే, లక్సాకు పేరుపొందినదీ ఆ ప్రాంతమే. కాబట్టి ఒక ఉదయాన్ని దానికి కేటాయిస్తే సరిపోతుంది.

రెండోది చార్ క్వే తియావ్. వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను సోయా పులుసు, మిరప ముద్ద, రొయ్యలు, చిన్న గుల్లల మాంసం, పెసర మొలకలు, గుడ్డుతో వేయించే వంటకం ఇది. తినే ముందు దుకాణం పక్కన నిలబడి రెండు నిమిషాలు చూడండి. మంచి వంటగాడు ఎంతమంది వరుసలో ఉన్నా ఒక్కసారికి ఒక్క పళ్లెమే వేయిస్తాడు. ఇనుప బాణలి అడుగు నుంచి మంట పైకి లేచి అంచులను నాకుతూ ఉంటుంది, నూడుల్స్ ఆ అంచుకు తగిలి చిటపటమని కాలి వెనక్కి జారతాయి, ఆ కాలిన వాసన కోసమే జనం అరగంట వేచి ఉంటారు. నాలుగు పళ్లేలు కలిపి ఒకేసారి వేయిస్తే బాణలి వేడి తగ్గి అంతా ముద్దైపోతుంది.

అయితే మీరు పందిమాంసం తినరన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మా నాన్నగారు వచ్చినప్పుడు ఒక దుకాణంలో పందిమాంసం వద్దని చెప్పాను, వంటగాడు తల ఊపాడు, నిజంగానే మాంసం ముక్క ఒక్కటీ వేయలేదు. నాన్నగారు సగం తిన్నాక పళ్లెంలో కరకరలాడుతున్న చిన్న బంగారు రంగు ముక్కలేమిటని అడిగారు. అవి పంది కొవ్వు కరిగించగా మిగిలినవి. ఆ వంటగాడి దృష్టిలో కొవ్వు వేరు, మాంసం వేరు. నాన్నగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు హలాల్ గుర్తు ఉన్న చోట చార్ క్వే తియావ్ తింటున్నాం. ఆ గుర్తు ఉంటే పంది కొవ్వు ఉండదు. ఇదే కారణంగా మీరు 'హొక్కియెన్ మీ' అనే నూడుల్స్ పులుసు జోలికి పోవద్దు, దాని పులుసును రొయ్యల పెంకులతో పాటు పంది ఎముకలతో కాస్తారు.

అందరూ నాసి కందార్ తినమంటారు. అన్నం మీద కూర పోసి ఇస్తారు, అంతే. కూరన్నం కోసం విశాఖ నుంచి రావలసిన పని లేదని నా ఉద్దేశం.

గుంటూరు గోంగూర

మీ అమ్మగారి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే రెండేళ్ల క్రితం మా అత్తగారిని తీసుకువెళ్లి నేర్చుకున్నవి ఇవన్నీ. అక్కడ కూరగాయల వంటకం అని రాసి ఉన్నంత మాత్రాన శాకాహారం అనుకోకూడదు. మా అత్తగారు పచ్చని తూటికూర వేపుడును చూసి ముచ్చటపడి పళ్లెం ముందుకు లాక్కున్నారు; వాసన రాగానే మళ్లీ వెనక్కి నెట్టారు. దాన్ని వాళ్లు కాంగ్‌కుంగ్ అంటారు, బెలాచన్ అనే ఎండు రొయ్యల ముద్దతో వేయిస్తారు. సంబల్ అనే ప్రతి కారప్పచ్చడిలోనూ ఈ ముద్దే, లేకపోతే ఎండు నెత్తళ్లే ఉంటాయని ముందే అనుకోవడం మంచిది. పరోటాలాంటి రోటీ చనాయ్‌తో ఇచ్చే పప్పులో కూడా కొన్నిచోట్ల చేపల కూర పులుసు ఒక గరిటె కలిపేస్తారు, కాబట్టి పప్పు ఒక్కటే వేరే గిన్నెలో కావాలని అడగాలి.

ఇంత చెప్పి భయపెట్టినా, పెనాంగ్‌లో శాకాహారికి నిజంగా ఇబ్బంది లేదు. కారణం లిటిల్ ఇండియా అనే భారతీయుల పేట ఒక్కటే కాదు. అక్కడి చైనీయుల్లో బౌద్ధులు చాలామంది తమ పంచాంగం ప్రకారం నెలలో మొదటి రోజున, పదిహేనవ రోజున, అంటే ఇంచుమించుగా మన అమావాస్యకూ పౌర్ణమికీ, మాంసం మానేస్తారు. అందుకే చైనీయుల శాకాహార భోజనశాలలు ఊరంతా ఉన్నాయి. వాళ్ల సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే కాబట్టి మీ అమ్మగారి శనివారం నియమాన్ని చైనీయుల శాకాహార వంటే కాపాడుతుంది! సోయాతోనూ గోధుమ పిండితోనూ అచ్చం బాతు మాంసంలా, చేపలా కనిపించే వంటకాలు చేసి వరుసగా పెడతారు. మా అత్తగారు వాటిని చూసి అరగంట నమ్మలేదు. మీరు ముందుగానే చెప్పి తీసుకువెళ్లండి, లేదా కాయగూరలు, పుట్టగొడుగులు, సోయా పనీరు ఉన్న వైపు కూర్చోబెట్టండి. గుడ్డు వేశారేమో మాత్రం విడిగా అడగాలి.

వాళ్ల తొమ్మిదో నెలలో నవ చక్రవర్తి దేవతల ఉత్సవం తొమ్మిది రోజులు జరుగుతుంది. చాలా ఏళ్లలో అది మన శరన్నవరాత్రులతో దాదాపు కలిసి వస్తుంది. ఆ రోజుల్లో వీధుల వెంట పసుపు జెండాలు కట్టిన శాకాహార దుకాణాలు వెలుస్తాయి, లక్సా నుంచి నూడుల్స్ దాకా అన్నీ శాకాహారంగానే దొరుకుతాయి. మీ ప్రయాణం తేదీలు మార్చుకోగలిగితే ఆ తొమ్మిది రోజులు చూసుకోండి.

ఇక మీకు, మీ శ్రీమతిగారికి నా వంతు సలహా ఒక్కటే: మామక్ మీ గోరెంగ్ తినండి. చైనీయుల పసుపు నూడుల్స్‌ను తమిళ ముస్లింలు తమ మిరప ముద్ద, టమాటా, ఉడికించిన బంగాళాదుంపలతో ఎర్రగా వేయిస్తారు. నూడుల్స్‌లో బంగాళాదుంప ఏమిటని నేనూ నవ్వాను, తరువాత రెండో పళ్లెం కూడా తెప్పించుకున్నాను.

పేరాక్ మనవడు

నేను మలేషియాలోనే పుట్టి పెరిగిన తెలుగువాడిని. మా ముత్తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి పేరాక్ రాష్ట్రంలోని కొబ్బరి తోటలో పనికి వచ్చారు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, ఇంట్లో అమ్మమ్మగారి దగ్గర నేర్చుకున్నది.

పై సోదరుడు నాసి కందార్‌ను కూరన్నం అని తీసిపారేయడం నాకు బాధ కలిగించింది. నాసి అంటే అన్నం, కందార్ అంటే భుజం మీద బద్దకు రెండు వైపులా బరువు కట్టి మోయడం. అంటే మన మాటల్లో అది కావడి అన్నం. ఒకవైపు అన్నం కుండ, మరొకవైపు కూరల కుండలు పెట్టుకుని తమిళ ముస్లింలు రేవులో మూటలు మోసే కూలీల దగ్గరకు పొద్దున్నే వెళ్లి అమ్మేవారు. క్యాంప్‌బెల్ వీధిలోని హమీదియా 1907 నుంచి నడుస్తున్నది. దీని రుచి ఏ ఒక్క కూరలోనూ లేదు. చేపల పులుసు, కోడి కూర, నల్లటి సోయా వేపుడు రసం, ఇంకా రెండు మూడు రకాలు ఒకదాని మీద ఒకటి పోయించుకుని అవి అన్నంలో కలిసిపోయినప్పుడు పుట్టే రుచి అది. పోసేవాడితో 'బంజీర్' అనండి. అంటే వరద. మన ఇంట్లో పులుసు, కూర, పప్పు విడివిడిగా వరుసలో తింటాం, ఇలా కలిపితే అమ్మ తిడుతుంది. అందుకే ఇది విశాఖలో దొరకదు. గొడ్డుమాంసం కూర కూడా అక్కడే ఉంటుంది, అదే గరిటె అన్నింటిలోకీ తిరుగుతుంది. ఆ పట్టింపు ఉంటే రద్దీ లేని వేళ వెళ్లి గరిటె మార్చమని అడగండి, లేదా మానేయండి. ధరల పట్టిక చాలాచోట్ల ఉండదు కాబట్టి పెద్ద రొయ్యను చూపించే ముందు ధర అడగడం మంచిది.

ఇంతవరకు ఎవరూ న్యోన్యా వంట మాట ఎత్తలేదు. వందల ఏళ్ల క్రితం వచ్చిన చైనా వర్తకులకు ఇక్కడి స్త్రీలతో కలిగిన సంతతిని పెరనకాన్‌లంటారు, వారిలో స్త్రీలు న్యోన్యాలు. మలక్కా న్యోన్యా వంటలో కొబ్బరి పాలు, తీపి ఎక్కువ; పెనాంగ్ వంటకు సయాం దగ్గర కావడం వల్ల పులుపు, కారం, పచ్చి ఆకులు ఎక్కువ. ఓతక్ ఓతక్ అడగండి: చేప ముక్కలను కొబ్బరి పాలు, మసాలా ముద్ద, గుడ్డుతో కలిపి, తమలపాకులా కనిపించే ఒక ఆకుతో పాటు అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పొట్లం విప్పగానే వచ్చే వాసనకు నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. మలేషియా దక్షిణాన ఇదే పేరుతో నిప్పుల మీద కాల్చినది దొరుకుతుంది, అది వేరు.

అమ్మగారికి న్యోన్యా మిఠాయిలు పెట్టించండి. వీటిని కుయ్ అంటారు. ఒండే ఒండే అనేది జిగురు బియ్యపు పిండి ఉండ, లోపల తాటిబెల్లం లాంటి ముదురు రంగు బెల్లం, పైన కొబ్బరి కోరు. కొరకగానే బెల్లం పాకం నోట్లో చిమ్ముతుంది. మొత్తం ఉండను ఒకేసారి నోట్లో వేసుకోమని చెప్పండి, లేకపోతే చీర పాడవుతుంది. శంఖుపూల నీలి రంగు చారలతో పులుత్ తాయ్ తాయ్ అనే జిగురు అన్నం ముక్కలు కూడా చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటితో ఇచ్చే కాయా అనే కొబ్బరి ముద్దలో గుడ్డు ఉంటుంది, అది అమ్మగారికి వద్దు.

సాగరతీరం (విశాఖపట్నం)

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. అమ్మకు చదివి వినిపించాను. తూటికూర దగ్గర ముఖం చిట్లించారు, ఒండే ఒండే దగ్గర "మన పూర్ణం ఉండే కదా" అన్నారు. మొదటి ఉదయం కొండ, తరువాత మా ఇద్దరికీ లక్సా, ఆ మధ్యాహ్నం అమ్మకు చైనీయుల శాకాహార భోజనం, మరుసటి రోజు సాయంత్రం న్యోన్యా భోజనం అని అనుకున్నాం. నాసి కందార్ విషయంలో నా భార్య పేరాక్ సోదరుడి పక్షం, నేను ఇంకా తేల్చుకోలేదు. ఒక్క సందేహం మిగిలింది. చెందోల్ అనే చల్లటి పానీయం గురించి చాలా విన్నాను. అందులో అమ్మ తినకూడనిది ఏమైనా ఉంటుందా? ఇంటికి తెచ్చుకోవడానికి ఏమి కొనవచ్చు?

బయాన్ లెపాస్ నివాసి

చెందోల్ నిశ్చింతగా ఇప్పించండి. తురిమిన మంచు, కొబ్బరి పాలు, బెల్లం పాకం, ఉడికించిన రాజ్మా గింజలు, మన మొగలి జాతికే చెందిన పాండన్ ఆకు రసంతో పచ్చగా చేసిన బియ్యప్పిండి పోగులు, అంతే. తీపిలో రాజ్మా ఏమిటని అమ్మగారు అడుగుతారు. సగం గిన్నె అయ్యాక అడగరు. పెనాంగ్ రోడ్డు పక్క సందులో 1936 నుంచి అమ్ముతున్న తియోచ్యూ చెందోల్ బండి దగ్గర నిలబడే తాగాలి, ఎండ వేళ వరుస పొడుగ్గా ఉంటుంది.

తెచ్చుకోవడానికి తావ్ సర్ ప్నియా అనే పెసరపప్పు పూర్ణపు బిస్కెట్లు బాగుంటాయి, కానీ చాలావాటిలో పంది కొవ్వు వాడతారు కాబట్టి హలాల్ గుర్తు ఉన్న పెట్టె చూసి కొనండి, వేయించిన ఉల్లి కూడా ఉంటుంది కనుక అమ్మగారికి శనివారం పెట్టవద్దు. వాటికన్నా జాజికాయ తీసుకోండి. కంపెనీ కాలంలో ఈ దీవిలో జాజి తోటలు వేశారు. మనం విత్తనం, జాపత్రి మాత్రమే ఎరుగుదుం, ఇక్కడ పండు కండను పంచదారలో ఊరబెట్టి ఎండబెట్టి అమ్ముతారు, రసం కూడా తీస్తారు. అమ్మగారు నోట్లో వేసుకుని ఊరుకోగలిగేది అదే.

నాసి కందార్ గురించి పేరాక్ సోదరుడు చెప్పినది చదివాక నిన్న రాత్రి వెళ్లి బంజీర్ అని అడిగాను. ఈ ఆరేళ్లూ కూరలు విడివిడిగా పోయించుకుంటున్నాను. మీ శ్రీమతిగారి మాట వినండి.