అమ్మ సామాన్లు తీసేస్తే తప్పా?

వేళచ్చేరి నెల్లూరమ్మాయి: మాది రెండు బెడ్‌రూముల ఇల్లు. అమ్మ పోయి మూడేళ్లయింది. నెల్లూరు ఇల్లు అమ్మినప్పుడు వచ్చిన ఇత్తడి గంగాళం, నాలుగు బిందెలు, రెండు ట్రంకు పెట్టెలు, జాడీలు, దూది పరుపులు అన్నీ ఒక గదిలోనే ఉన్నాయి. మా అబ్బాయి పదో తరగతి, హాల్లో కూర్చుని చదువుకుంటున్నాడు. భోగి లోపు అన్నీ ఇచ్చేద్దామనుకుంటే అన్నయ్య వద్దంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

జయనగర్ వాసి: ఇత్తడి మాత్రం పాత సామాన్లవాడికి వేయకండమ్మా. వాడు తూకం చూస్తాడు, అంతే. అంత మందం ఇత్తడి మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో కొట్లో అడిగి చూడండి. లోపల కళాయి (తగరం పూత) పూయిస్తే ఇంకో తరం వాడుకోవచ్చు.

పెరంబూర్ అక్క: గంగాళంలో నీళ్ళు కాచేవాళ్ళు, దానికి కళాయి ఎందుకండీ? పులుసు పెట్టే గిన్నెలకు కదా.

జయనగర్ వాసి: మా ఇంట్లో పెళ్ళిళ్ళకు గంగాళంలోనే సాంబారు కాచారు, అందుకే కళాయి అన్నాను. ఇత్తడిలో చింతపండు పడితే చిలుము పడుతుంది.

మడిపాక్కం: పరుపులు భోగి మంటలో వేయకండి. 2018లో భోగి పొగకు చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాలే ఆగిపోయాయి. పట్టుచీరలుంటే విడిగా చూపించండి, అసలు జరీ అయితే అందులో వెండి ఉంటుంది.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి: కళాయి గురించి కాదండీ నేను అడిగింది. 2015 డిసెంబర్ చెన్నై వరదలో మేము గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. నీళ్ళు మోకాలు దాటాక అమ్మ పట్టుబట్టి ట్రంకు పెట్టెలు మంచం మీదికి ఎక్కించింది, పిల్లాణ్ణి నేను చంకనేసుకుని నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఈ పెట్టెలు చూస్తే నాకు టెన్షనే. తీసేయాలనుకోవడం అమ్మ మీద ప్రేమ లేకనా?

జయనగర్ వాసి: ప్రేమ లేదని నేననలేదు. మా అమ్మమ్మ పిండి రుబ్బిన రోలు మా వదిన ఒక్క మాట అడగకుండా ఎవరికో ఇచ్చేసింది. పదేళ్లయినా ఆ ఇంటికి వెళ్తే ముందు నా కళ్ళు ఆ మూలకే పోతాయి. అందుకే మీ అన్నయ్య మాట కాస్త వినమంటున్నాను.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి: అడిగాను, మూడుసార్లు అడిగాను! ఉంచు అంటాడు గాని తీసుకెళ్ళడు. వాళ్ళది మూడు బెడ్‌రూముల ఇల్లు. అమ్మ నాలుగేళ్లు మంచాన పడితే బెడ్‌పాన్ తీసింది నేను, అన్నయ్య పండక్కి వచ్చి ఫొటో దిగి వెళ్ళాడు. అమ్మకు లేని చోటు వాళ్ళింట్లో గంగాళానికి ఎక్కడ దొరుకుతుంది? అమ్మ వస్తువులు మాత్రం ఉండాలి, కాపలా నేను కాయాలి. నా కోపం గంగాళం మీద కాదండీ.

పెరంబూర్ అక్క: అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

జయనగర్ వాసి: నా సంగతీ చెప్తాను. అమ్మమ్మ మంచాన ఉన్న రెండేళ్లు నేను పుణేలో ఉన్నాను. ఒక్కసారే వచ్చాను. చూసుకున్నది వదినే. ఆవిడ ఇదే మాట నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా రోలు ఇచ్చేముందు నాకు ఫోన్ చేయాల్సిందనే అంటాను, ఆ మాట మార్చుకోను. గంగాళం తూకానికి వేయకండి, మీ అన్నయ్య గుమ్మంలో దింపించండి.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి: బండి మాట్లాడాను, బాడుగ నాదే. ఆదివారం పొద్దున గంగాళం, పెట్టెలు వాళ్ళింటికి పంపిస్తున్నాను. ఆవకాయ జాడీ ఒక్కటి నేనుంచుకుంటున్నాను.