గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్‌కి స్టీమ్‌లో ఏ గేమ్స్ కొనాలి? బడ్జెట్ 1,500

ప్రశ్న:
అందరికీ నమస్తే. ల్యాప్‌టాప్ ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ (అందులో ఖాళీ 70 జీబీ), విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్) అకౌంట్ కొత్తగా తెరిచాను, ఇంకా ఏమీ కొనలేదు. నేనొక్కడినే ఆడుకోవడానికి ఒకటో రెండో, తొమ్మిదో తరగతి చదివే తమ్ముడితో కలిసి ఒకే స్క్రీన్ మీద ఆడటానికి ఒకటి కావాలి. కాల్పుల గేమ్స్ మీద పెద్దగా ఇష్టం లేదు. డబ్బు కట్టాక మన ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడవకపోతే ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు 1:
ముందు పోర్టల్ 2 కొనండి. మీరు చెప్పిన రెండు అవసరాలూ దీనొక్కదానితోనే తీరతాయి. వాల్వ్ అనే కంపెనీ 2011లో తెచ్చింది. కనీసం అడిగేది 2 జీబీ ర్యామ్, 8 జీబీ డిస్క్ మాత్రమే. మీ ప్రాసెసర్‌లో ఉండే యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్ మీద 1366×768లో, మీడియం సెట్టింగ్స్‌తో హాయిగా నడుస్తుంది.

చేతిలో తుపాకీ లాంటిది కనిపిస్తుంది గానీ అది గుళ్లు కాల్చదు. గోడ మీద ఒక నీలం ద్వారం, ఇంకోచోట ఒక నారింజ ద్వారం తెరుస్తుంది. ఒకదాంట్లోకి వెళ్తే రెండోదాంట్లోంచి బయటికొస్తారు. అసలు కిటుకు వేగంలో ఉంది. ఎత్తు మీంచి దూకి నేల మీది ద్వారంలో పడ్డారనుకోండి, పడిన వేగం పోదు. అదే వేగంతో గోడ మీది ద్వారంలోంచి అడ్డంగా దూసుకొస్తారు, మధ్యలో ఎంత పెద్ద గొయ్యి ఉన్నా దాటేస్తారు. ఇది ఒకసారి బుర్రకెక్కితే అక్కణ్ణుంచి గేమ్ వదలబుద్ధి కాదు. ఇద్దరు ఆడేది వేరే కథ, వేరే గదులు. ఒంటరిగా ఆడిందే మళ్లీ ఆడించరు. అక్కడ ఒక్కొక్కరికి రెండేసి ద్వారాలు, మొత్తం నాలుగు. మాట్లాడుకోకుండా ఏ గదీ దాటలేరు.

డైలాగులు ఇంగ్లిష్‌లో, కాస్త వేగంగా కూడా ఉంటాయి. ఆడియో సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. మొదటి పోర్టల్ (2007) చిన్నది, మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, కథ మొదలయ్యేదీ అక్కడే. రెండూ కలిపి బండిల్‌గా దొరుకుతాయి. పెద్ద సేల్స్‌లో వీటి మీద 80, 90 శాతం తగ్గింపు చాలాసార్లు వచ్చింది. అప్పుడు తీసుకుంటే మీ బడ్జెట్‌లో ముప్పాతిక పైనే మిగులుతుంది.

రెండోది స్టార్‌డ్యూ వ్యాలీ (2016). వ్యవసాయం, చేపలు, గని, ఊళ్లో మనుషులతో స్నేహం. 500 ఎంబీ డిస్క్, 2 జీబీ ర్యామ్ చాలు. 2020 డిసెంబర్‌లో వచ్చిన 1.5 అప్‌డేట్ నుంచి ఒకే స్క్రీన్‌ను పంచుకుని ఆడొచ్చు. అలవాటు పడితే తమ్ముడి చదువుకి ఇదే ఎక్కువ అడ్డు. ఆటలో ఒక రోజు సుమారు పావుగంట, పడుకుంటేనే సేవ్ అవుతుంది, దాంతో 'ఇంకొక్క రోజు' అంటూ కూర్చుంటారు. ఎన్ని రోజులు ఆడాలో ముందే మాట్లాడుకోండి.

జవాబు 2:
పైన చెప్పినదానికి కంట్రోలర్ సంగతి చేర్చాలి, లేకపోతే ఇంటికి తెచ్చాక ఇబ్బంది పడతారు. ఈ రెండు గేమ్స్‌లోనూ ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడలేరు. ఒకరికి కీబోర్డు, మౌస్. రెండో మనిషికి కంట్రోలర్ ఉండి తీరాలి. 1,500లో దాని ఖర్చు కూడా వేసుకోండి.

కొనేటప్పుడు ఎక్స్‌ఇన్‌పుట్ (ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పద్ధతి) అని రాసి ఉన్న వైర్డ్ కంట్రోలర్ చూడండి. చవక యూఎస్‌బీ ప్యాడ్లు చాలావరకు డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతి మీదే పనిచేస్తాయి, కొత్త గేమ్స్ చాలా వాటిని గుర్తుపట్టవు. ఇప్పటికే అలాంటిది ఉంటే పారేయొద్దు. స్టీమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ విభాగానికి వెళ్లి, జనరిక్ కంట్రోలర్లకు స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేయండి. స్టీమ్ దాన్ని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లా గేమ్‌కి చూపిస్తుంది. ఒక బటన్ నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు అవుతుంటే, గేమూ స్టీమూ రెండూ ప్యాడ్‌ను విడివిడిగా చదువుతున్నాయన్నమాట. లైబ్రరీలో ఆ గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంట్రోలర్‌లో ఆ ఒక్క గేమ్‌కి స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయండి.

స్టార్‌డ్యూలో ఇంకో మెలిక ఉంది. ఒంటరిగా మొదలుపెట్టిన పొలంలోకి రెండో మనిషిని వెంటనే దించలేం. వాళ్లకి పొలంలో క్యాబిన్ (చిన్న ఇల్లు) ఉండాలి. కొత్త పొలం మొదలుపెట్టేటప్పుడే కోఆప్ (కలిసి ఆడేది) ఎంచుకుని క్యాబిన్ పెట్టించుకోవడం తేలిక. లేదంటే ఆటలో రాబిన్ అనే వడ్రంగి దగ్గర కట్టించుకోవాలి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. ది విచర్ 3, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నడుస్తాయా? వాటి గురించి బాగా విన్నాను. విండోస్‌లో చూస్తే గ్రాఫిక్స్ మెమరీ 128 ఎంబీ అనే ఉంది, ఇది మరీ తక్కువ కదా?

జవాబు 3:
128 ఎంబీ చూసి కంగారు పడకండి. మీ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ మెమరీ అని దాదాపు 4 జీబీ కనిపిస్తుంది చూడండి.

మీరు చూడాల్సింది వేరే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ మీద నొక్కి 'స్లాట్స్ యూజ్డ్' ఎంతుందో చెప్పండి. '1 ఆఫ్ 2' అని ఉంటే ఒకటే ర్యామ్ స్టిక్ ఉన్నట్టు, అంటే సింగిల్ చానెల్. ప్రాసెసరూ గ్రాఫిక్సూ రెండూ ఆ ఒక్క దారి మీదే ఆధారపడతాయి. ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ డీడీఆర్4 2400 ల్యాప్‌టాప్ స్టిక్ పెడితే డ్యుయల్ చానెల్ అయి, మెమరీ వేగం రెట్టింపవుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ మీద గేమ్స్‌లో ఆ తేడా కంటికి తెలిసిపోతుంది. కొన్ని పల్చటి మోడల్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మోడల్ నంబర్‌తో సరిచూసుకున్నాకే కొనండి.

విచర్ 3 ఈ ల్యాప్‌టాప్‌కి వద్దు. గొప్ప గేమ్, అందుకే వద్దంటున్నాను. 720పీలో, అన్నీ లోలో పెట్టి, ఆగి ఆగి నడుస్తుంటే ఆ అడవులూ ఊళ్లూ చూసిన తృప్తి ఉండదు. 50 జీబీ డిస్క్ కూడా పోతుంది. పైగా 2022 డిసెంబర్ అప్‌డేట్ తర్వాత ఇంకా బరువెక్కింది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత మెషీన్ వాళ్లు మాత్రం ప్రాపర్టీస్, బీటాస్‌లో 'క్లాసిక్' అనే పాత వెర్షన్ ఎంచుకుంటే హాయిగా ఆడుకోవచ్చు. కొనేటప్పుడు కంప్లీట్ ఎడిషన్ ధర కూడా చూడండి, సేల్లో రెండు అదనపు కథలతో కలిపి చాలా చవగ్గా వస్తుంది.

జవాబు 4:
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధవ్యూహాల గేమ్ డెఫినిటివ్ ఎడిషన్ (2019) కొనొచ్చు, ఒక షరతు మీద. కంప్యూటర్‌తో ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థుల దాకా బాగుంటుంది. ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ అని ఉచితంగా విడిగా ఇస్తారు, దాన్ని డౌన్‌లోడ్ చేయకండి. అది లేకపోయినా డిస్క్ మీద 30 జీబీ ఉంచుకోండి. ఆన్‌లైన్‌లో ఎనిమిది మంది ఆటలకు మాత్రం వెళ్లొద్దు. ఈ రకం గేమ్స్‌లో ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనే లెక్కగడుతూ, మిగతావాటితో అడుగు కలిపి నడవాలి. ఒక్క మెషీన్ వెనకబడితే ఎనిమిది మందికీ ఆట నెమ్మదిస్తుంది.

2022 ఏప్రిల్‌లో డైనస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్ వచ్చింది. ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు అందులోనే ఉన్నారు. ద్రావిడులకు వూట్జ్ స్టీల్ (దక్షిణాదిలో పేరొందిన పాతకాలపు ఉక్కు) అనే టెక్నాలజీ ఇచ్చారు, అది వేసుకుంటే కాల్బలం, గుర్రపు దళం కొట్టే దెబ్బ ఎదుటివాడి కవచాన్ని లెక్కచేయదు. ఆ ఉక్కు తయారుచేసిన ఊళ్లలో మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఒకటి. ఆటలో ఆ బొమ్మ మీద నొక్కేటప్పుడు ఇది గుర్తుంటే బాగుంటుంది. ప్యాక్ ఆడాలంటే అసలు గేమ్ ఉండాలి, ఈ బడ్జెట్‌లో రెండూ సేల్లోనే కుదురుతాయి.

ఒంటరిగా ఆడటానికైతే నా ఓటు హాలో నైట్ (2017), సెలెస్ట్ (2018). మొదటిది 9 జీబీ, రెండోది 1.2 జీబీ. రెండూ గెంతుతూ ముందుకెళ్లే గేమ్స్, కష్టమైనవే. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది, ఆట వేగం తగ్గించుకోవచ్చు, చావు లేకుండా చేసుకోవచ్చు. హాలో నైట్‌లో అలాంటి సాయం లేదు, మొదటి రెండు మూడు గంటలు దారి తప్పుతూనే ఉంటారు. కొర్నిఫర్ అనే పటాలమ్మేవాడు దొరికినప్పుడల్లా పటం కొనండి, ఆ డబ్బు వేరే వాటి మీద పెట్టకండి.

జవాబు 5:
ఫ్యాక్టరీలు కట్టే గేమ్ ఫ్యాక్టోరియో ఎవరూ చెప్పలేదు. దానికి సేల్ ఉండదు, ఎదురుచూడటం దండగ. ఉచిత డెమో ఉంది, అది పూర్తి చేశాక కూడా ఇంకా కావాలనిపిస్తే కొనండి.

అడిగినవారు:
స్లాట్స్ 1 ఆఫ్ 2 అని ఉంది. ర్యామ్ తర్వాత చూస్తాను. ఇప్పుడు డబ్బు ఎలా కట్టాలి, నడవకపోతే వాపసు ఎలా?

జవాబు 1:
యూపీఐతో కట్టండి, అదే సులువు. కార్డు వాడితే ముందు బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలు రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల వల్ల కొత్త కార్డుల్లో ఇవి మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. పేమెంట్ ఫెయిల్ అయితే మొదట చూడాల్సింది అక్కడే. డబ్బు కట్ అయ్యి స్టీమ్‌లో 'పెండింగ్' అని చూపిస్తుంటే మళ్లీ కట్టకండి. అకౌంట్ డీటెయిల్స్‌లో పర్చేజ్ హిస్టరీ తెరిచి అది తేలేదాకా ఆగండి.

వాపసు రూలు: కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటల లోపే ఉండాలి. రెండూ కలవాలి. స్టీమ్ హెల్ప్ పేజీలో పర్చేజెస్ తెరిచి, ఆ గేమ్ మీద నొక్కి, రిఫండ్ అడగాలి. కారణం దగ్గర నా కంప్యూటర్‌లో సరిగ్గా నడవడం లేదు అని ఒక్క వాక్యం చాలు. డబ్బు స్టీమ్ వాలెట్‌కి కావాలా, కట్టిన దారిలోనే కావాలా అని అడుగుతుంది. కట్టిన పద్ధతిలో వాపసు కుదరకపోతే వాలెట్‌కే వస్తుంది.

జనం ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండు గంటల దగ్గర. డౌన్‌లోడ్ సమయం లెక్కలోకి రాదు. కానీ గేమ్ తెరిచి ఉన్న ప్రతి నిమిషమూ లెక్కే: మెనూలో ఉన్నా, పాజ్ చేసి భోజనానికి వెళ్లినా, సెట్టింగ్స్ మారుస్తూ కూర్చున్నా. కాబట్టి చార్జర్ పెట్టి (బ్యాటరీ మీద వేగం తగ్గించేస్తుంది) తెరవగానే రిజల్యూషన్ 1366×768కి దించి, బాగా జనమో యుద్ధమో ఉన్న చోటు దాకా ఆడి, గంటన్నరలోపే తేల్చుకోండి. మూడు గేమ్స్ ఒకేసారి కొనకండి. ఒకటి కొని, నడుస్తుందని తేలాక రెండోది.

కొన్న రెండ్రోజులకే సేల్ వచ్చి ధర పడిపోతే బాధపడక్కర్లేదు. అవే షరతుల్లో ఉంటే వాపసు చేసి తక్కువ ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు, దాన్ని తప్పుగా చూడమని స్టీమ్ నిబంధనల్లోనే ఉంది. ఏ గేమ్ ఇప్పటిదాకా ఎంత తక్కువకు వచ్చిందో స్టీమ్‌డీబీ అనే సైట్‌లో కనిపిస్తుంది. వేసవి సేల్ జూన్ చివర్లో, శీతాకాలం సేల్ డిసెంబర్ రెండో సగంలో మొదలవుతాయి. సాధారణంగా సేల్ మొదటి రోజు ధరే చివరి రోజు దాకా ఉంటుంది, తొందరపడొద్దు.

జవాబు 3:
ఇంకొకటి. ఎక్కడో సగం ధరకు కీ (గేమ్‌ని యాక్టివేట్ చేసే కోడ్) అమ్ముతున్నారని చూసి కొనకండి. దొంగ కార్డుతో కొన్న కీ అయితే తర్వాత రద్దు చేస్తారు, లైబ్రరీలోంచి గేమ్ పోతుంది. వేరే దేశానికి లాక్ చేసినదైతే అసలు యాక్టివేటే కాదు. అలా కొన్నదానికి స్టీమ్ వాపసు కూడా ఇవ్వదు. చవగ్గానే కావాలంటే స్టీమ్ లాంటిదే అయిన ఎపిక్ స్టోర్‌లో ప్రతి గురువారం రాత్రి ఉచితంగా ఇచ్చే గేమ్ తీసుకోండి. మన టైమ్ ప్రకారం ఎండాకాలంలో 8:30కి, చలికాలంలో 9:30కి మారుతుంది. ఆ వారంలోపు తీసుకుంటే అది మీ అకౌంట్‌లోనే ఉండిపోతుంది.

అడిగినవారు:
పోర్టల్ బండిల్, కంట్రోలర్‌తో మొదలుపెడతాను. తమ్ముడికి వేరే కంప్యూటర్ వస్తే వాడికోసం మళ్లీ కొనాలా?

జవాబు 2:
అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో స్టీమ్ ఫ్యామిలీ పెట్టుకుని తమ్ముడిని వాడి సొంత అకౌంట్‌తో చేర్చండి. ఆరుగురి దాకా ఉండొచ్చు, అందరూ ఒకే ఇంటివాళ్లై ఉండాలి. పిల్లల అకౌంట్‌గా చేరిస్తే రోజుకి ఎన్ని గంటలు, ఏ గేమ్స్ అనేది మీరే పెట్టొచ్చు, స్టార్‌డ్యూ విషయంలో అది పనికొస్తుంది. మీరు పోర్టల్ 2 ఆడుతుంటే వాడు మీ స్టార్‌డ్యూ ఆడుకోవచ్చు. ఒకే గేమ్ ఇద్దరూ ఒకే సమయంలో రెండు కంప్యూటర్లలో ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కావాలి.

స్నేహితుల్ని చేర్చుకోకండి. ఫ్యామిలీలోంచి ఒకరు బయటికెళ్తే, ఇందులో చేరిన రోజు నుంచి ఏడాది అయ్యేదాకా వాళ్లు ఇంకోదాంట్లో చేరలేరు, వాళ్లు ఖాళీ చేసిన స్థానం కూడా వెంటనే తెరుచుకోదు. ఇంకా ముఖ్యమైనది, మీ కాపీతో ఆన్‌లైన్‌లో ఎవరైనా చీట్ చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది. ఆ మాట తమ్ముడికి మొదటిరోజే చెప్పండి.